చీమ చచ్చిన పాలు

అత్త సాలవ్వను నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యాలన్న పంతంతోనే సుధారాణి ఎల్లారెడ్డిలో, తల్లిగారింట్లో మూడు నెలలు బతికింది. పాలు తాగే కొడుకును ఒడిలోంచి లాక్కుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

బుజ్జి పుట్టినప్పుడు బొద్దుగా, ఎర్రగా ఉన్నాడు. ఆరో నెలకు పాలిపోయాడు. ఆసుపత్రికి పోదామంటే సాలవ్వ వినలేదు. కోడలి పాలు గిన్నెలో పిండించి, వాడకట్టు ఆడవాళ్ల ముందు అందులో చీమను వేసింది. తల్లిపాలు మంచివో కావో తేల్చడానికి వాళ్లు చేసే పరీక్ష అది. చీమ కాసేపు కొట్టుకుని చచ్చింది.

“సూసిన్రా? ఇవి పాలు గావు, ఇసం! పుట్టినప్పుడు మంచిగున్న పోరడు గిట్లెందుకైండు?” అంది సాలవ్వ. మనవణ్ణి బర్రెపాల మీద పెట్టి, కోడలిని వెళ్లగొట్టింది. మొగుడు సంపత్ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

బర్రెపాలతో బుజ్జి కోలుకోలేదు సరికదా, మెడ నిలపలేనంత నీరసపడ్డాడు. సంపత్ వాణ్ణి కామారెడ్డి ఆసుపత్రికి తెచ్చాడు. తల్లి రక్తం కూడా చూడాలన్నారని సుధారాణిని పిలిపించాడు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

“రక్తం పుట్టించే మూలకణాలు బిడ్డ కడుపుల ఉన్నప్పుడే తయారైతయి. అప్పటి రక్తానికి ఒక జన్యువు పనిచేస్తది. పుట్టినంక అది మెల్లగ పండుకుంటది, ఇంకోటి లేసి పని అందుకుంటది. మీ బాబుకు ఆ రెండోది మీ ఇద్దరి నుంచీ చెడిపోయే వచ్చింది. అందుకే ముందు బాగుండి, తర్వాత పాలిపోయిండు. తలసీమియా అంటరు. పాలతోని సంబంధమే లేదు. నెలనెలా రక్తం ఎక్కించాలె.”

సుధారాణి ‘ఇద్దరి నుంచీ’ అన్న మాటను గట్టిగా పట్టుకుంది. బుజ్జికి రక్తం ఎక్కించగానే వాణ్ణి చంకనేసుకుని అత్తగారి ఊరు రామారెడ్డికి బస్సెక్కింది. “అవ్వకు నేను చెప్త, నువ్వు రాకు,” అని సంపత్ బతిమాలినా వినలేదు.

అత్తగారి వాకిట్లో అడుగుపెడుతూనే వాడకట్టునంతా కేకేసింది. బుజ్జిని సంపత్ చేతికిచ్చి, సాలవ్వ పిండిన బర్రెపాలు గిన్నెలో పోసి చీమను వేసింది. అదీ కొట్టుకుని చచ్చింది.

“సూడు అత్తా, నీ బర్రెపాలు సుత ఇసమేనా? ఏ పాలల్ల ఏసినా చీమ మునిగి సస్తది. పోరని రోగం నా రక్తంల ఎంతుందో, నీ కొడుకు రక్తంల గంతే ఉంది. ఇగ ఆయన్ని సుత ఎల్లగొడ్తవా?”

సాలవ్వ మొహం మాడిపోయింది. “తెల్వక చేసిన బిడ్డా,” అని గొణిగింది.

“గట్టిగ చెప్పు. అందరు వినాలె.”

సాలవ్వ గట్టిగా చెప్పింది. సుధారాణి కసి తీరింది. కొడుకును తీసుకుని బయటికి నడిచింది.

బుజ్జి రెండు చేతులూ సాలవ్వ వైపు చాచి గుక్కపట్టాడు. సుధారాణి వెనక్కి తిరగలేదు. బస్సులో వాణ్ణి రొమ్ముకు అదుముకుంది. పాలు ఎప్పుడో ఎండిపోయాయి. ఎల్లారెడ్డి వచ్చేదాకా వాడు సాలవ్వ కోసమే ఏడ్చాడు.