గడప దాటని ఎముకల సంచి

"నీ పక్కనుంచి కాదమ్మా, నా పక్కనుంచి చూడు."

మధ్యాహ్నం వేళ, కప్పగల్లులో మా చెల్లెలి ఇంటి ట్రాక్టరు షెడ్డులోంచి ఈ మాట విన్నాను. పెద్దావిడ గొంతు. లేచి తలుపు తోశాను. లోపల మా మేనకోడలు సుమ ఒక్కతే ఉంది, చేతిలో తొడ ఎముకతో.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. బళ్లారిలో విలేకరిగా ఉన్నన్నాళ్లూ, అలాంటి కబురు తెచ్చినవాళ్లను చూసినవాడి పేరేమిటని అడిగి పంపేసేవాణ్ణి. ఇప్పుడు ఆ పేరు నాదే.

సుమ మెడిసిన్ మొదటి సంవత్సరం. అనాటమీ ఒకసారి పోయింది. సప్లిమెంటరీ కూడా పోతే ఏడాది పోయినట్టే. చదువుకోవడానికి ఎముకల సంచిని ఇంటికి తెచ్చుకుంది. సీనియర్లు తమ సంచిని జూనియర్లకు ఇచ్చిపోవడం వాళ్ల కాలేజీలో ఆనవాయితీ. అన్నీ నిజమైన మనిషి ఎముకలే.

మా చెల్లెలు పార్వతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎవురివో ఏమో, యాడ సచ్చినారో ఏమో. గడప దాటనీను."

"డాక్టరు కావాలంటావు, ఎముకలొద్దంటావు. గుమ్మడికాయ పెట్టుకోని చదవాల్నామ్మా?" అంది సుమ.

చివరికి షెడ్డే చదువుగది అయింది. అన్నం పళ్లెం వెళ్లినట్టే తిరిగొచ్చేది. కూర్చుంటే మోకాలు ఊపుతూనే ఉండేది, నిలబడితే గోళ్లు కొరికేది.

ఎముక చేతికిచ్చి, కుడిదా ఎడమదా అని అడగడమే వైవాలో, అంటే నోటి పరీక్షలో, మొదటి ప్రశ్నట. ఎముక ఎవరిదో ఆ మనిషి వైపునుంచి చెప్పాలి. సుమ ఆ మనిషి ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని, తన కుడివైపు పడిందాన్ని కుడి అనేసేది.

"తెలిసి తెలిసీ తప్పు చెప్తాండా మామా. ఈసారి పోతే కాలేజీకి పోను, ఇంటికీ రాను," అంది.

ఆ చివరి మాట వినే నేను బళ్లారికి తిరిగి వెళ్లకుండా ఉండిపోయాను. షెడ్డు ముందే మంచం వేసుకున్నాను.

ఆ గొంతు విన్నది మరునాడు. షెడ్డుకు ఉన్నది ఒకటే తలుపు, దాని ముందు నేనే ఉన్నాను. సుమ ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. పార్వతి పొలానికి పోయింది.

"నీతో మాట్లాడిందెవరు?" అన్నాను.

"ఎవురూ లేరు గదా మామా." సుమ ఎముకను పైకెత్తింది. "ఇది కుడిది. ఇప్పుడు తెలుస్తాండాది."

ఆ పూట మోకాలు ఊపలేదు. అన్నం మారు వడ్డించుకుంది.

నా బుర్ర కూడా అలిసిపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

సుమ పాసయింది. జూనియరమ్మాయి వచ్చి సంచి తీసుకెళ్లింది. ఆటో మలుపు తిరిగేదాకా చూసి, పార్వతి నా వైపు తిరిగింది.

"ఆయమ్మ ఈసారి ఎవురింటికి పోతాందన్నా?"

ఏ అమ్మ అని అడిగాను. పార్వతి గడప దాటి లోపలికి పోయింది.

ఆ ఎముకలు ఎవరివో సంచి ఇచ్చిన సీనియరుకూ తెలియదు. నేను విన్న మాట పార్వతికి నేటికీ చెప్పలేదు.