మరదలు పంపిన బఠాణీల వీడియో

ఆ రోజుల్లో, అంటే ఫోన్లలో నెట్ చవకైన కొత్తలో, మేము వీడియోలు చూసినదానికన్నా ఒకరికొకరం పంపుకున్నదే ఎక్కువ. ఎంత పొడుగు వీడియో పంపితే అంత చదువుకున్నవాడి కింద లెక్క. మా చుట్టాలు నా గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే కథ ఒకటి ఆ అలవాటులోంచే పుట్టింది. పాపం, అందులో నిజం లేదు.

అప్పుడు టేకులపల్లిలో మోటారు వైండింగ్ షాపు కొత్తగా పెట్టుకున్నాను. కొత్తగూడెం బొగ్గుబాయిలో పనిచేసే మా మేనమామ తన కూతురిని నాకివ్వాలని ఎప్పుడో అనుకున్నాడు. (నన్నడిగితే, నేను ఆయనకన్నా ముందే అనుకున్నాను.) ఖమ్మంలో నర్సింగ్ చదువుతున్న ఆ మరదలు ఒకరోజు "చూసి చెప్పు బావా" అంటూ జన్యుశాస్త్రం వీడియో పంపింది. మిద్దెక్కి, సిగ్నల్ పట్టుకుని చూశాను. ఒక సారు బోర్డు మీద నున్నటి బఠాణీలు, ముడతల బఠాణీలు గీస్తున్నాడు. ముడతల దగ్గరే నాకు నిద్ర పట్టింది. లేచి "సూపర్" అని జవాబిచ్చి, ఆమె ముందు ఇంకాస్త వెలిగిపోవాలని, "అందరూ తప్పక చూడాలి" అంటూ కుటుంబం గ్రూపులో కూడా పెట్టేశాను. బొటనవేళ్లు, దండాలు వరసగా వచ్చిపడ్డాయి. మా పెద్దమ్మయితే "గీ బఠాణీలు ఏడ దొరుకుతయ్ బిడ్డా?" అని వాయిస్ పెట్టింది.

మొత్తం చూసింది ఒక్క మామే. తెల్లారేసరికి బండేసుకుని మా ఇంటికొచ్చాడు. ముహూర్తం మాట్లాడటానికేనని మురిసిపోయాను.

"అల్లుడా, మేనరికం చేసుకుంటే రెండు దిక్కుల దాగున్న రోగాలు పిల్లల్ల కలిసే భయం ఎక్కువన్నడు గదా ఆ సారు ఆఖర్ల. నీకు ఇష్టం లేదని నోటితోని చెప్తే నేను కాదంటనారా?"

"ఏందిరా, వద్దన్నవా?" అంది అమ్మ.

చూడలేదంటే నా "సూపర్" పరువు పోతుంది. "అవ్ మామా... పుట్టబోయే పిల్లల కోసం" అన్నాను. మామ కళ్లు తుడుచుకుని నన్ను కౌగిలించుకున్నాడు. సాయంత్రం మరదలు ఫోన్ చేసింది. "థాంక్స్ బావా. నాన్నకు చెప్పే ధైర్యం లేక నీకు పంపిన. నువ్వు ఏకంగ గ్రూపులనే పెట్టినవ్!"

మొన్న ఒక పెళ్లిలో మామ మళ్లీ నా త్యాగం ఎత్తుకుంటే ఆగలేక, "నేనది చూడనేలేదు మామా" అన్నాను. "చూసిన్రా, ఎంత అణకువో!" అన్నాడు కొత్త చుట్టాలతో. పక్కనే ఉన్న మరదలు (ఇప్పుడామె ఇద్దరు పిల్లల తల్లి) మాత్రం నా వైపు వంగి, "నాకెప్పుడో తెలుసు బావా" అని నవ్వింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నాకొచ్చిన పేరు ఆమెకు రావాల్సింది. వద్దనుకున్నది ఆమె, నేను పడుకున్నాను, అంతే.

మిద్దె మీద ఫోను గుండెల మీద పెట్టుకుని నిద్రపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తే, తట్టిలేపి మిగతాది చూపించాలనిపిస్తుంది. అంతలోనే, ఎందుకులే, ఆ కాసేపైనా హాయిగా పడుకోనీ అనిపిస్తుంది.