వెనక నుంచి కుట్టిన ఉప్పుకోట

నరసరావుపేట కోర్టు వీధిలో ఒకప్పుడు బైండింగ్ షాపులు వరసగా ఉండేవి. ఇప్పుడు ఫర్హీన్ షాపు ఒక్కటే మిగిలింది. వకీళ్ళ ఫైళ్ళు, కాలేజీ పిల్లల రికార్డులు, అట్ట ఊడిన పాత కితాబులు ఆమె దగ్గరికి వస్తాయి. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి జిగురు చేయడం నుంచి, క్యాలికో గుడ్డ అంటించి స్క్రూ ప్రెస్సులో బిగించడం దాకా అంతా ఒక్క చేతి మీదే. భర్త యాసిన్ పక్క షాపులో మిక్సీలు బాగుచేస్తాడు. కరెంటు పోయినప్పుడు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు.

పని నేర్పిన తండ్రి మౌలాలీ రోజూ షాపుకు వస్తాడు. షుగర్ వల్ల చూపు బాగా మందగించింది. ప్రెస్సు పక్కన కుర్చీ వేసుకుని దారానికి మైనం రాస్తుంటాడు. కొత్త గిరాకీ ఎవరైనా వస్తే మాత్రం తడుముకుంటూ లేచి, పై అరలోంచి లావుపాటి పుస్తకం ఒకటి తీస్తాడు.

"ఇది జపాను కితాబు. కుడి నుంచి తెరుచుకుంటది. ఈ ఊళ్ళో ఎవురూ కుట్టలా. నేను కుట్టా."

ఆ మాట విన్నప్పుడల్లా ఫర్హీన్ తల దించుకుని దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ ఉండేది. ఆ పుస్తకం తప్పుగా కుట్టారన్న సంగతి ఆమెకు తెలుసు. ఆమె స్నేహితులిద్దరికీ తెలుసు. మౌలాలీకి తెలియదు.

అది ఇంటర్ రోజుల నాటి సంగతి. ఫర్హీన్, వంశీ, అర్చన ఒకే కాలేజీ. గుంటూరులో ఉండే బావ ఇచ్చాడని వంశీ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చాడు. దాన్నిండా ఒక జపాను బొమ్మల కథ. మాంగా అనే మాట వాళ్ళు మొదటిసారి విన్నది అప్పుడే. మొత్తం కథ కాదు, అందులో ఉప్పుకోట ముట్టడి అనే పెద్ద ఘట్టం. ఫోన్లలో బొమ్మలు చూసే రోజులు కావు. ముగ్గురూ బస్సు చార్జీలు మిగుల్చుకుని నెట్ సెంటర్లో ప్రింట్లు తీయించారు. పేజీలు తగ్గుతాయని, అధ్యాయాల మొదట నెంబరు వేసి ఉండే పేజీలను వంశీ వద్దన్నాడు. నెట్ సెంటర్ ఆయన ఆరు కట్టలు కట్టి, వరస తప్పకుండా ఒకదాని కింద ఒకటి పేర్చి ఇచ్చాడు.

"బాబాయ్, ఇది కుడి పక్క నుంచి తెరవాల," అన్నాడు వంశీ.

"దాంట్లో ఏముందిరా? మా ఉర్దూ కితాబులన్నీ అంతే," అన్నాడు మౌలాలీ. "ఏది ముందుది?"

"పైది అబ్బా," అంది ఫర్హీన్ తండ్రితో.

మౌలాలీ అప్పటికి ముప్పై ఏళ్ళుగా కోర్టు కట్టలు కుడుతున్నాడు. ఆయన పనిచేసే వకీళ్ళ ఫైళ్ళలో కొత్త కాగితం పైన, పాత కాగితం అడుగున ఉంటాయి. ముందుది అంటే పాతది. పాతది అడుగునే ఉండాలి. చేయి దానంతట అదే పై కట్టను అడుగున వేసి, మిగతావి వరసగా దాని మీద పేర్చేసింది. కుడిపక్క కుట్టు అద్దంలా కుదిరింది. కట్టల లోపల పేజీలు సరిగానే ఉన్నాయి, కట్టల వరస మాత్రం తిరగబడింది.

ఎవరూ కనిపెట్టలేదు. ముగ్గురికీ అదే మొదటి మాంగా. జపానోళ్ళు కథ ఇలాగే చెబుతారు కాబోలు అనుకున్నారు. పుస్తకం తెరవగానే కోట తలుపులు తెరుచుకుంటాయి, ఎముకల గూడులైన జనం బయటికొస్తారు. సుజు అనే పిల్ల చేతిలో ఖాళీ గరిటె పట్టుకుని అందరికంటే వెనక నడుస్తుంటుంది. ఆ గరిటె వంట తాతది. ఆయన ముందురోజే చనిపోయాడు. ఎందుకు చనిపోయాడో తర్వాతి కట్టలో, ఎలాంటి మనిషో ఆ తర్వాతి కట్టల్లో తెలుస్తుంది.

పుస్తకం వారానికొకరి ఇంట్లో ఉండేది. శనివారం కాలేజీ వదలగానే షాపు అరుగు మీద తగువు మొదలయ్యేది.

"చావు ముందే చూపిచ్చినాక ఇంకేం చదవాల? సస్పెన్స్ ఏదీ?" అనేవాడు వంశీ.

"నీకు సస్పెన్స్ కావాలంటే క్రికెట్ చూడు," అనేది అర్చన. "పోతాడని తెలుసు కాబట్టే ఆయన నవ్వినప్పుడల్లా గుండె పిండినట్టుంటది."

"నీ గుండె తడిబట్టేమే పిండటానికి?"

ఫర్హీన్ తక్కువ మాట్లాడేది. ఆమెకు చివరి పేజీ ఇష్టం. అందులో వంట తాత అన్నం వండే పెద్ద వార్పు గిన్నె ముందు నిలబడి ఉంటాడు. సుజు రెండోసారి పళ్ళెం చాపుతుంది. "ఇంకా చానా ఉంది, తినండి," అంటాడు తాత. ఇంగ్లీషులో ఉన్న ఆ మాటను తెలుగులోకి మార్చింది ఫర్హీనే. ఆకలి కథ అంతా అయ్యాక అన్నంతో నిండిన వార్పు దగ్గర పుస్తకం ముగుస్తుంది. అంత మంచి ముగింపు ఇంకెక్కడా చూడలేదని ఆమె నమ్మకం.

రెండేళ్ళ తర్వాత గుంటూరు హాస్టల్లో ఎవరి కంప్యూటర్లోనో అర్చన అసలు వరస చూసింది. నవ్వు పట్టలేక ఫోన్ చేసింది. ఫర్హీన్ నవ్వలేదు. ఆ పుస్తకం కుట్టిన కొన్నాళ్ళకే మౌలాలీ చూపు తగ్గడం మొదలైంది. ఆయన తన కళ్ళతో చూసి, మొదటి నుంచి చివరి దాకా సొంతంగా కుట్టిన ఆఖరి పుస్తకం అదే. "అబ్బా ముందు ఈ మాట ఎత్తారంటే మీతో మాట్లాడను," అంది. వాళ్ళు ఎత్తలేదు. పదిహేడేళ్ళు గడిచాయి. వంశీ వినుకొండలో విత్తనాల షాపు పెట్టాడు. అర్చన ఎడ్లపాడు హైస్కూల్లో టీచరు.

ఇన్నేళ్ళుగా వస్తున్న ఆ మాంగా ఈ ఏడాది అయిపోయింది. చివరి అధ్యాయం వచ్చిన వారానికి, ఒక శుక్రవారం మధ్యాహ్నం వంశీ, అర్చన షాపుకొచ్చారు. వంశీ వెంట కూతురు వర్షిణి ఉంది. ఏడో తరగతి. ఇంట్లో ఫోన్ ఇవ్వడం లేదని, పుస్తకమైతే చదువుకుంటానని తండ్రి ప్రాణం తీసి వచ్చింది. పై అరలోని పుస్తకం కుట్టు మాత్రం తెగి, కట్టలు వేలాడుతున్నాయి.

"కొత్త దారంతో ఉన్నదున్నట్టు బిగిస్తా," అంది ఫర్హీన్, ఉన్నదున్నట్టు అన్న మాటను ఒత్తి పలుకుతూ. వంశీకి అర్థమై తలూపాడు.

కానీ ఆ ముగ్గురూ ఒకచోట చేరి ఆ కథ గురించి నిమ్మళంగా మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు.

"ఆఖర్న కూడా సాగదీసి సాగదీసి చంపాడు రాసినాయన," అన్నాడు వంశీ. "ఉప్పుకోట దగ్గరే పట్టింది ఆయనకా జబ్బు. తలుపు విరగబోతంటే, ఆపి, తాత చిన్నప్పటి కథ ఎత్తుకుంటాడు. ఎవడికి కావాల?"

"తాత కథ లేకపోతే ఆ ఘట్టంలో ఏముంది, కత్తులు తప్ప?"

"నేను ఉండకూడదన్లా. తప్పు చోట ఉంది అంటన్నా."

"అది ఒప్పుకుంటా," అంది అర్చన. ఆమెకు వాదన వేడెక్కింది. "అసలు దాంట్లో తప్పు చోటే. మన దాంట్లో ఆయన పోయినాక వస్తది కాబట్టి, ఎవరీ మనిషి అని మనమే వెతుక్కుంటూ చదివాం. కట్టలు తిరగేసి బాబాయ్ చేసిన తప్పు…"

ఫర్హీన్ తలెత్తి చూసింది. అప్పటికే ఆలస్యమైంది. ప్రెస్సు పక్కన మైనం రాస్తున్న చేయి ఆగిపోయింది.

"మన దాంట్లో ఏంది, అసలు దాంట్లో ఏంది?" అన్నాడు మౌలాలీ.

"ఏం లేదు బాబాయ్. ప్రింటు తేడా," అన్నాడు వంశీ.

"నువ్వు విత్తనాలమ్మేవాడివి, నువ్వు చెప్పమాక. అర్చనా, నువ్వు పంతులమ్మవి, చెప్పు."

అర్చన ఫర్హీన్ వైపు చూసింది. ఇంకొకరి చేత చెప్పించడం ఫర్హీన్‌కు బాగనిపించలేదు.

"కట్టలు తిరగబడ్డాయి అబ్బా. ఆఖరిది ముందు కుట్టావు."

మౌలాలీ చేయి చాచాడు. ఆమె పుస్తకం అందించింది. ఆయన కుట్టు వెంట బొటనవేలు పైనుంచి కిందికి నడిపించి, ఒక్కో కట్టనూ తాకి చూశాడు.

"కొత్తది పైన," అన్నాడు మెల్లగా, తనలో తానే. కూతురి వైపు తిరిగి, "ఎప్పట్నుంచి తెలుసు?"

"చానా ఏళ్ళయింది."

"ముగ్గురికీ తెలుసు. నేను మాత్రం వచ్చినోడికల్లా ఎత్తి చూపిస్తా కూర్చున్నా."

"తప్పు నాది కూడా బాబాయ్. నెంబర్లున్న పేజీలు తీయించింది నేనే," అన్నాడు వంశీ.

మౌలాలీ ఆ మాట పట్టించుకోలేదు. "విప్పు," అన్నాడు కూతురితో.

"ఎందుకు బాబాయ్, అట్టా ఉంటేనే బాగుంది," అంది అర్చన. "ఒట్టు. అసలు దానికంటే బాగుంది."

"బాగుంటే బాగుండొచ్చమ్మా. రాసినాయన నన్ను సర్దిపెట్టమని అడిగాడా? కుట్టమనే గదా నా దగ్గరకొచ్చింది."

"నేను విప్పను," అంది ఫర్హీన్. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నువ్వు కళ్ళారా చూసి కుట్టిన ఆఖరిది ఇది."

"అందుకే బేటీ విప్పమనేది. ఆఖరిది తప్పుగా మిగలాల్నా?"

ఫర్హీన్ బ్లేడు కోసం చేయి చాచింది. మౌలాలీ ఆపాడు.

"ఆగు. ఇంతకీ అందులో ఏముందో ఒక్కసారీ వినలా. అందరికీ చూపించా గానీ. విప్పకముందు చెప్పు. నేను కుట్టిన వరసలోనే."

ఫర్హీన్ అరుగు మీద కూర్చుని పుస్తకం కుడి నుంచి తెరిచింది. ఒక్కో బొమ్మ చూసి ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది. సైన్యాధిపతి మాటలు వంశీ అందుకున్నాడు. అర్చన మరిచిపోయిన ముక్కలు అందించింది. వర్షిణిని చెవులు మూసుకోమన్నారు, తను చదవబోయే కథ గదా అని. ఆ పిల్ల యాసిన్ షాపులోకి పోయి కూర్చుంది. సుజు ఖాళీ గరిటెతో నడిచింది. తాత పోయాడు. ఆకలి కట్టలో తాత తన గిన్నెలోది మళ్ళీ వార్పులో పోసే బొమ్మ వచ్చింది.

"ఎవురూ చూళ్ళేదా?" అన్నాడు మౌలాలీ.

"చదివేవాళ్ళే చూస్తారు అబ్బా."

తాత పడుచుదనం వచ్చింది. పెళ్ళి వచ్చింది. సుజు వాళ్ళు కోటలో అడుగుపెట్టిన రోజు వచ్చింది. ఫర్హీన్ ఆఖరి పేజీ తిప్పింది. పంతొమ్మిదేళ్ళ కిందట ఇదే అరుగు మీద, ఈ పేజీ దగ్గరే అర్చన జడ పుస్తకం మీద పడితే వంశీ విసుక్కున్నాడు. అర్చనకు ఇప్పుడు అంత జడ లేదు.

"ఇంకా చానా ఉంది, తినండి," అని చదివింది.

"ఇదేనా ఆఖరు?"

"మన దాంట్లో ఇదే."

"పోయినాయన నవ్వతా ఉన్నాడా?"

"నవ్వతా ఉన్నాడు."

మౌలాలీ తలూపాడు. వంశీ వీధిలోకి చూస్తూ, "అప్పట్లో నాకు నచ్చంది ఇదే బాబాయ్," అన్నాడు.

బ్లేడు వాడనివ్వలేదు మౌలాలీ. తను వేసిన ముడులు తనే గోటితో తడిమి, ఒక్కోటి వదులు చేసి ఇచ్చాడు. ఫర్హీన్ దారం లాగింది. కొత్త దారం పాత రంధ్రాల్లోంచే పోవాలన్నాడు. అలాగే పోయింది. ఇప్పుడు పుస్తకం నిండిన వార్పు ఉన్న కట్టతో మొదలై, ఖాళీ గరిటె దగ్గర ముగుస్తుంది. అట్ట వేసి ప్రెస్సులో బిగిస్తుంటే ఫర్హీన్‌కు వేరెవరి పుస్తకానికో పనిచేస్తున్నట్టుంది. కుట్టు మాత్రం ఎక్కడా వంక పెట్టేలా లేదు.

ఆదివారం వంశీ వర్షిణిని షాపు దగ్గర దింపి, విత్తనాల కంపెనీ మీటింగుందని వెళ్ళాడు. ఆ పిల్ల అరుగు మీద మఠం వేసుకుని అప్పుడే చదవడం మొదలెట్టింది. ఫర్హీన్ రికార్డులకు అట్టలు కోస్తూ, పేజీ తిప్పిన చప్పుడైనప్పుడల్లా ఎక్కడి దాకా వచ్చిందో చూస్తోంది. పొద్దు వాలేసరికి సగం దాటింది. అక్కడ ఆగి మొహం చిట్లించింది.

"అత్తా, ఇక్కడ తలుపు విరగబోతంటే ఈ తాత చిన్నప్పటి కథేంది మధ్యలో? సాగదీశాడు."

ఫర్హీన్ ఏదో అనబోయింది. ఈ వరసను వెనకేసుకురావడం ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు.

"నిజమేనమ్మా," అన్నాడు మౌలాలీ ప్రెస్సు పక్క నుంచి. "నేను కుట్టినప్పుడు అట్టా లేదు."

"మరెట్టా ఉంది తాతా?"

"నువ్వది అవగొట్టు ముందు. అవగొట్టినాక వచ్చి ఇక్కడ కూర్చో, చెప్తా."

వర్షిణి మళ్ళీ పుస్తకంలో తల దూర్చింది. దీపాలు పెట్టే వేళకు చివరి పేజీ మూసి, కుర్చీ పక్కనున్న కాగితాల కట్ట మీద వచ్చి కూర్చుంది. మౌలాలీ దారం ఉండ ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"తలుపులు తెరుచుకున్నాయి," అని మొదలుపెట్టాడు. "అందరికంటే ఎనక ఒక పిల్ల వస్తంది. చేతిలో ఖాళీ గరిటె."

ఫర్హీన్ కత్తెర పక్కన పెట్టి, షాపు మూసే వేళయినా షట్టరు దించకుండా నిలబడింది.