శిలువ దగ్గర ఆగని పిల్లలు

మెక్సికోలో ఓహాకా కొండల్లో ఉన్న మా ఊళ్ళో బ్యాండు లేకుండా పెళ్ళి జరగదు, పీనుగ లేవదు. అలాంటి ఊళ్ళో పుట్టి, క్లారినెట్ బాగా పట్టుబడ్డాక, మీసాలు సరిగా రాకముందే సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు మా అబుందియో చిన్నాన్న. లాస్ ఏంజెలెస్‌లో ఒక లాండ్రీలో ఇస్త్రీ పని. కాగితాలు లేవు కనుక వెళ్ళినవాడు వెళ్ళినట్టే. ఇటు వస్తే మళ్ళీ అటు పోలేడు, భార్యాబిడ్డలు అటే ఉన్నారు. ఆయన కూతురు ఇదాలియా అక్కడే పుట్టింది. నాకు అక్క వరస. ఏడాది పెద్దది.

ఆమె చిన్నతనం గురించి నాకు తెలిసిందంతా ఆమె చెప్పిందే. మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు ఇద్దరం వాకిట్లో కూచుని మొక్కజొన్న గింజలు ఒలిచేవాళ్ళం. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. ఆమెకు అది నచ్చింది కాబోలు, చెబుతూనే ఉండేది.

వాళ్ళ గ్యారేజీలో కారు ఎప్పుడూ లేదట. మడత కుర్చీలు, గోడకు ఒక నల్లబల్ల, మూల ఒక పెద్ద డ్రమ్ము, అంతే. ఆదివారాలు మా ఊరి నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలందరూ అక్కడ చేరేవాళ్ళు. చిన్నాన్న ఏడాది పాటు ఎవరినీ వాయిద్యం ముట్టుకోనివ్వలేదు. తొడ మీద తాళం వేస్తూ స్వరాలు పాడడమే పని. ఎవర్ అనే పిల్లవాడు ఒకరోజు అడిగాడట.

"మావయ్యా, ఆ ట్రాంబోన్ ఇప్పుడిస్తారా, నా పెళ్ళికిస్తారా?"

"నీ పెళ్ళికి వాయించేవాడు దొరకడనే కదరా నీకు నేర్పేది. పాడు."

బడిలో తెల్లపిల్లలకు ఇదాలియా మెక్సికో పిల్ల. మెక్సికోలో తక్కిన ప్రాంతాల నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలకేమో ఓహాకా పొట్టిది. "ఇదిగో, ఓహాకా పొట్టిది వచ్చింది, బల్ల దించండ్రా" అనేవాళ్ళట భోజనాల దగ్గర. ఇక ఇక్కడ మేము ఏమనేవాళ్ళమో నాకు తెలుసు. ఫోన్లో ఆమె గొంతు వినబడగానే మా మేనత్తలు "అవతలి పిల్ల మాట్లాడుతోంది" అనుకునేవాళ్ళు. మా జపోతెక్ భాష ఆమెకు వింటే అర్థమవుతుంది, పలకబోతే నోరు తిరగదు. స్పానిష్‌లోనే జవాబు చెప్పేది.

"మూడు చోట్ల మూడు పేర్లు పెట్టారే నాకు. మన పిల్ల అన్నోళ్ళు ఒక్కళ్ళూ లేరు" అంది ఒకరోజు కంకి తిప్పుతూ. నవ్వుతూనే అంది. నేను ఒలవడం ఆపి ఆమె చేతులు చూశాను. మొక్కజొన్న కంకికి అలవాటు లేని బొటనవేళ్ళు, పొక్కులు లేచి ఉన్నాయి.

ఆమె వచ్చింది జూలైలో, శాంతియాగో స్వామి పండక్కి. చిన్నాన్న తాను తయారుచేసిన బ్యాండును ఆ ఏడు మా ఊరు పంపించాడు. పిల్లలందరికీ అక్కడి పాస్‌పోర్టులున్నాయి, పెద్దవాళ్ళకు లేవు. కాగితాలున్న హెర్మీలా అత్త ఒక్కతే వాళ్ళకు తోడు వచ్చింది. అందరికీ నీలం కోట్లు, భుజాల మీద బంగారు రంగు దారాలు. ముందు పట్టుకోవడానికి ఒక జెండా. దాని మీద పైన మా ఊరి పేరు, కింద లాస్ ఏంజెలెస్.

పండక్కి ఏ ఊరి బ్యాండు వచ్చినా కొండ మలుపులో ఉన్న శిలువ దగ్గర ఆగాలి. మా ఊరి పెద్దలు, బ్యాండు వాళ్ళు పూలదండలూ మెస్కల్ సారా సీసా పట్టుకుని ఎదురు వెళతారు. మేమొక పాట, వాళ్ళొక పాట వాయించాక అందరూ కలిసి ఊళ్ళోకి దిగుతారు. మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా ఇది తెలుసు. ఆ పొద్దున కూడా మా బ్యాండు చర్చి ముందు చేరి, పిల్లలకు ఎదురు వెళ్ళడానికి దండలు సర్దుకుంటోంది. చర్చి పక్క పందిట్లో మేము పిండి రుబ్బుతున్నాం. పొగమంచులో పదడుగుల అవతల మనిషి కనబడడం లేదు.

అప్పుడు పై నుంచి పాట వినబడింది. ఆగలేదు, దగ్గరవుతోంది.

"ఎవరే ఆ దిగొచ్చేస్తోంది? ఇల్లు తగలబడుతున్నట్టు" అంది మా నాన్నమ్మ.

మంచులోంచి నీలం కోట్లు బయటపడ్డాయి. అందరికంటే ముందు క్లారినెట్‌తో ఇదాలియా. మలుపు, నీళ్ళ కుళాయి, రొట్టెల కొట్టు, చర్చి మెట్లు, ఇలా తండ్రి చెప్పిన గుర్తుల వెంబడే ఒక్క తప్పూ లేకుండా వచ్చేసింది. ఆడవాళ్ళు శాలువా చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాన్నమ్మ పిండి చేతులతోనే లేచింది. మనవరాలిని ఫోన్లో తప్ప ఎన్నడూ చూసింది కాదు. కానీ మా బ్యాండు పెద్ద తెయోదులో తాత చెయ్యి పైకెత్తాడు. పాట ఒక్కొక్క వాయిద్యంగా ఆగిపోయింది. ఎవర్ ట్రాంబోన్ అందరికంటే చివర ఆగింది.

"ఎవరమ్మా మీరు? చుట్టాలా, ఇంటోళ్ళా?" అన్నాడు తాత.

"ఇంటోళ్ళమే తాతా. నేను అబుందియో కూతుర్ని."

"అయితే ఈ జెండా ఏంటి? సొంతింట్లోకి ఎవరన్నా జెండా పట్టుకొస్తారా?"

ఇదాలియా మొహం ఎర్రబడింది. తాత గొంతు తగ్గించాడు గాని మాట తగ్గించలేదు.

"చూడమ్మా. చుట్టాలైతే వెనక్కెళ్ళి శిలువ కాడ నిలబడండి. దండలేసి తీసుకొస్తాం, మొదటి వడ్డన మీకే. ఇంటోళ్ళంటారా, ఆ బల్లలు మొయ్యండి. సాయంత్రం పక్కూరి బ్యాండొస్తాది, మాతో పాటు ఎదురెళ్ళాలి. వాళ్ళు తిన్నాక మన తిండి. ఏదో ఒకటి తేల్చుకోండి, తప్పు లేదు. రెండూ కావాలంటే కుదరదు."

హెర్మీలా అత్త లాస్ ఏంజెలెస్‌కు వీడియో చూపిస్తున్న ఫోన్‌తోనే గబగబా ముందుకు వచ్చింది. "పదండి పదండి, పైకి పోదాం. అక్కడ మీ అమ్మానాన్నలందరూ గ్యారేజీలో టీవీ ముందు కూచున్నారు, జెండాతో మీరు ఊళ్ళో అడుగు పెట్టడం చూడాలని. పని మానుకుని మరీ కూచున్నారే."

"మళ్ళీ ఆ కొండెక్కాలా? నా బూట్లు చూడత్తా, బురదలో బూట్లో, బూట్లలో బురదో తెలీట్లేదు" అన్నాడు ఎవర్.

ఇదాలియా అత్త చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తెర మీద చిన్నాన్న, ఆయన వెనక బోలెడు తలలు.

"నాన్నా, శిలువ దగ్గర ఆగాలని చెప్పలేదేం?"

"తట్టలేదమ్మా" అన్నాడు ఆయన. "నేనెప్పుడూ అక్కడ ఆగలేదు. ఎదురెళ్ళేవాణ్ణే."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

ఆయన వెనక ఎవరో "జెండా, జెండా చూపించమను" అంటున్నారు. చిన్నాన్న తల తిప్పి వాళ్ళను చూశాడు, మళ్ళీ కూతుర్ని చూశాడు. "అక్కడున్నది నువ్వు. నీకెట్లా తోస్తే అట్లా చెయ్యి."

ఆమె తన జట్టు వైపు తిరిగింది. "వెళ్ళాలనుకున్నోళ్ళు అత్తతో పైకి వెళ్ళండి. నేనేం అనుకోను" అంది. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవర్ ట్రాంబోన్ మెట్టు మీద పెట్టి, "నాకు బల్లలు మొయ్యడమే తేలిక" అన్నాడు. ఇదాలియా జెండాను కర్రకు చుట్టేసి, కోటు విప్పి నాన్నమ్మ చేతికిచ్చింది. నాన్నమ్మ చేతుల పిండి అంతా ఆ నీలం గుడ్డకు అంటుకుంది. అప్పుడు గాని ఆమె మనవరాలి మొహం పట్టుకోలేదు.

ఆ రోజు వాళ్ళు బల్లలు మోశారు, నీళ్ళు తోడారు, పెద్ద గంగాళాలు ఇసుకతో తోమారు. లాస్ ఏంజెలెస్ పిల్లలకు గంగాళం తోమడం రాదని మా ఆడవాళ్ళు చేసిన వేళాకోళానికి అంతు లేదు. "ఒసేయ్, నెమ్మదే, అడుగు ఊడొస్తాది" అంటూ ఇదాలియాను ఆట పట్టించారు. "అవతలి పిల్ల" అని మాత్రం ఆ రోజు నేను వినలేదు.

సాయంత్రం పక్క ఊరి బ్యాండు వచ్చినప్పుడు తాత ఆమెను క్లారినెట్ల వరసలో చివర నిలబెట్టాడు. పిల్లలు మా వాళ్ళ మధ్య తలా ఒక చోట కలిసిపోయారు. పాటలన్నీ చిన్నాన్న నేర్పినవే, మా వాళ్ళు కొంచెం నిదానంగా వాయిస్తారు, అంతే తేడా. హెర్మీలా అత్త పక్కనున్న గట్టెక్కి ఫోన్ పట్టుకుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను.

"మా అమ్మాయేదీ?" అన్నాడు చిన్నాన్న.

"అదిగో, ఆ గుంపులో."

"ఏది? కనబడట్లా."

"కనబడదయ్యా. అందర్లో ఉంది" అని విసుక్కుంది అత్త.

తెరలో చిన్నాన్న చేతి వేళ్ళు క్లారినెట్ మీద కదిలినట్టు గడ్డం కింద కదులుతున్నాయి. గ్యారేజీలో వెనకున్నవాళ్ళు కొందరు లేచి వెళ్ళిపోవడం కనిపించింది. జెండా చూపించనందుకు వాళ్ళకు కోపమే వచ్చింది. ఇద్దరు తండ్రులు చిన్నాన్నతో చాలాకాలం మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

ఇంటివాళ్ళకు చివరి వడ్డనలో మిగిలింది నల్ల చిక్కుళ్ళు, విరిగిన రొట్టెలు. ఇదాలియా నా పక్కన నేల మీద కూచుని గిన్నె అడుగు నాకినంత పని చేసింది. ఆ రొట్టెలు కాల్చింది నాన్నమ్మ. ఇప్పుడు ఆమె లేదు, ఆ పొయ్యి నేను రాజేస్తున్నాను. రొట్టె ఎంత జాగ్రత్తగా వేసినా ఆ మెత్తదనం రాదు.

ఆ తర్వాతి జనవరిలో ఊరి సభ ఇదాలియాను బ్యాండులోకి తీసుకుంది. గౌరవానికి కాదు, పనికి. ప్రతి పండక్కీ రావాలి. ఆమె వచ్చింది. అక్కడ పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరాక కూడా జూలై వచ్చేసరికి ఎలాగో వచ్చేది. ఎవర్ రెండేళ్ళు వచ్చి మానేశాడు. తక్కిన పిల్లల్లో కొందరు అసలు మళ్ళీ రాలేదు.

ఈ ఏడు ఆమె రాలేకపోయింది. చిన్నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది, లేవదీసి కూచోబెట్టే మనిషి ఆమే. పండగ అయ్యాక సభలో తెయోదులో తాతే లేచి, రానివాళ్ళకు వెయ్యాల్సిన జరిమానా ఆమెకూ వెయ్యమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తండ్రి మంచం మీదున్నాడని ఆయనకు తెలుసు. కాని సభలో లేచి మాట్లాడడం నావల్ల కాదు. ఇంటికి వచ్చి ఫోన్ చేశాను. ఎలా చెప్పాలో తెలియక వానల గురించి, కోళ్ళ గురించి చెప్పాను.

"ఏంటే, ఏదో నానుస్తున్నావు?" అంది.

చెప్పేశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"చుట్టాలకి జరిమానా వేస్తారా మనూళ్ళో?" అని అడిగింది.

"లేదక్కా. చుట్టాలకెందుకేస్తారు?"

"నాకు అందరికీ వేసినంతే వేశారా? అవతలుంటాను కదా అని తగ్గించలేదు కదా?"

"తగ్గించలా."

"మరి పెంచలేదు కదా, డాలర్లున్నాయని?"

"లేదు. ఇక్కడి వాళ్ళకెంతో నీకూ అంతే."

"సరే" అంది. ఫోన్ పక్కకు పెట్టి, గదిలో ఉన్న తండ్రికి గట్టిగా వినబడేలా చెప్పింది. ఇన్నేళ్ళూ పలకలేకపోయిన మా భాషలోనే, తప్పులు తప్పులుగా చెప్పింది. ఊళ్ళో మనకు జరిమానా పడింది నాన్నా, అని.