ఆ గ్రహం మీద హెల్మెట్ తీయరాదు

కూర్మన్నపాలెం దగ్గరి మా కాలనీ వార్షికోత్సవానికి నేను రాసిన ఏకైక నాటకం ఒక పరాయి గ్రహం మీద జరుగుతుంది. ఆ గ్రహానికి గాలిని ఎంచుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఉక్కు కర్మాగారంలో నా ఉద్యోగమే గ్యాస్ భద్రత. రంగూ వాసనా లేకుండా మనిషిని పడగొట్టే కార్బన్ మోనాక్సైడ్‌ను మించిన శత్రువును కల్పించడం నాకు చేతకాదు. అక్కడి గ్రహవాసికి మాత్రం అదే ప్రాణవాయువు.

చిక్కంతా ఆ గ్రహం మీద హెల్మెట్ తీయకూడని కథానాయకుడితో వచ్చింది. ఆ పాత్ర మా విభాగంలోని మిత్రుడిది. మేము ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. అతనికిది తొలి వేషం. అల్లుడికి నలుగురిలో నోరు పెగలదని బంధువులందరికీ చెప్పే అత్తగారు, ఇది చూడడానికే నరసన్నపేట నుంచి వస్తున్నారు.

"బావా, ఆ డిప్ప ఒక్కపాలి తీసెయ్యనీ. లోపల నాను ఉన్నానో, ఇంకెవుడున్నాడో మా అత్తకెలా తెలుత్తాది?"

"తీస్తే పడిపోతావు."

"నాటకమే కదేటి!"

"నాటకంలోనైనా గ్యాస్ గ్యాసే."

"నువ్వు రాసింది నాటకం కాదు బావా, సేఫ్టీ కిలాసు!"

చివరికి రాజీ కుదిరింది. ఆఖరి రంగంలో, అంతరిక్ష నౌకకు పడ్డ చిల్లు పూడ్చి, లోపలి గాలిని మీటరుతో పరీక్షించాక, హెల్మెట్ తీసి ఒక నిండు పేజీ సంభాషణ చెప్పవచ్చు.

ప్రదర్శన సవ్యంగానే సాగింది. చేపలరేవులో అడిగి తెచ్చిన పాత వల కప్పుకున్న గ్రహవాసి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆఖరి రంగానికి ముందు నౌకకు చిల్లు పడాలి. అప్పుడు మోగవలసిన హెచ్చరిక కోసం, ప్లాంట్‌లో మేమందరం జేబుకు తగిలించుకునే గ్యాస్ మీటరు కూతనే యథాతథంగా ఫోన్‌లో రికార్డు చేసి, స్పీకర్లకు కలిపాను.

కూత మోగింది. ప్రేక్షకులు, అంటే మూడు షిఫ్టుల ఉద్యోగులూ, ఒక్కసారిగా లేచారు. ఎవరూ అరవలేదు, తోసుకోలేదు. షామియానా అంచులు ఎటు ఎగురుతున్నాయో తలెత్తి చూసి, శిక్షణలో నేర్పినట్టే గాలికి అడ్డంగా, పిల్లల చేతులు పట్టుకుని చకచకా నడిచి వెళ్లిపోయారు. అందరికంటే ముందున్నది, పుట్టినప్పటి నుంచీ ఆ వాయువునే పీల్చిన గ్రహవాసి. నేనూ మైదానం గేటు దగ్గరే ఉన్నానని కాసేపటికి గమనించాను.

నేను తిరిగి వచ్చేసరికి ముందు వరుసలో ఒక్క కుర్చీ మాత్రం నిండి ఉంది. ఆ కూత ఎన్నడూ వినని అత్తగారు కదలలేదు. వేదిక మీద బావ కూడా కదలలేదు. హెల్మెట్ లోపలికి శబ్దం చేరలేదని తర్వాత చెప్పాడు కాని, నేను నమ్మలేదు. అతను మీటరు పైకెత్తి గాలిని పరీక్షించాడు. హెల్మెట్ తీశాడు. ఒక్క ముక్క వదలకుండా పేజీ మొత్తం ఆవిడకే చెప్పాడు.

"ఓలమ్మా! ఇందాకటినుంచీ నువ్వేనేటి, నాయినా!" అన్నారావిడ. "మొకమంతా సెమటే. తుడుసుకోని మల్లీ సెప్పు."

నేను మైకులో గాలి బాగుందని ప్రకటించేదాకా జనం రాలేదు. వాళ్లు కూర్చునేసరికి బావ రెండోసారి సగం పేజీలో ఉన్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి, "సప్పుడు సెయ్యకండి, మా అల్లుడు మాటాడతన్నాడు" అని అందరినీ కసిరారు.