ముసురులో మొరాయించిన ఫట్‌ఫటి

పెళ్ళయిన ఏడాదికే మా ఆయన నా మీదికి సవతిని తెచ్చాడు. దాన్ని అందరూ ఫట్‌ఫటి అనేవారు. జనగామలో ఆయన పనిచేసే కలప షావుకారు, పల్లెల్లో కమ్యూనిస్టు దళాలు తిరుగుతున్నాయని భయపడి కుటుంబాన్ని తీసుకుని పట్నం వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తన మోటారు సైకిలును మా వాకిట్లో పెట్టి, "నేనొచ్చేదాంక పానం లెక్క చూస్కో" అన్నాడు. ఇంకేం, మా ఆయనకు అదే ప్రాణమైపోయింది.

పొద్దున్నే లేచి ముందు దాని మొహం చూసేవాడు. నా చీర చింపి దాన్ని తుడిచేవాడు. నా తలకు నూనె ఉందో లేదో ఎన్నడూ అడగని మనిషి, దాని చైనుకు నూనె సరిపోయిందా అని వంగి వంగి చూసుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇనుము మీద కుళ్ళేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి. మీ మొగుడు మీకంటే ఎక్కువగా ఒక సీటును నిమురుతుంటే అప్పుడు చెప్పండి.

దానికొక రోగం ఉండేది. ఎండలో బాగా ఉరికేది. నాలుగు చినుకులు పడితే చాలు, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయేది. నాకు లోలోపల మహా సంబరంగా ఉండేది.

ఆ వానాకాలం మా పుట్టిల్లు తరిగొప్పుల నుంచి కబురు వచ్చింది. నన్ను కన్న అవ్వకు జ్వరం ముదిరిందని, నన్నే కలవరిస్తున్నదని. దళాలకు తిండి మోస్తున్నారన్న అనుమానంతో పోలీసులు ఆ దారిలో ఎడ్లబండ్లను తిప్పి పంపేస్తున్నారు. షావుకారు ఫట్‌ఫటిని మాత్రం ఎవరూ ఆపరు. అవ్వను ప్రాణంతో చూడాలంటే దాని మీదే పోవాలి. బయట చూస్తే ముసురు. ఇన్నాళ్ళూ తిట్టిపోసిన దానికే కదలమని మొక్కాల్సి వచ్చింది.

పొద్దుటి నుంచి ఆయన దానితో కుస్తీ పట్టాడు. పెట్రోలులో నీళ్ళు కలిశాయేమోనని వడబోశాడు. ప్లగ్గు ఊడదీసి, నా అన్నం కుండ దించి మరీ పొయ్యి దగ్గర వెచ్చబెట్టాడు. బిగించి కిక్కు తన్నితే రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"ఏమైందో దీనికి, పాపం" అన్నాడు.

"పాపమా? ఆడ మా అవ్వ పానం పోతాంది. నువ్వు దీన్ని పాపమంటవా?"

కోపం పట్టలేక తడి చేత్తోనే దాన్ని పట్టుకుని గుంజాను. సరిగ్గా అప్పుడే ఆయన మళ్ళీ కిక్కు తన్నాడు. కరెంటు కొట్టి భుజం దాకా ఝల్లుమంది. కెవ్వున అరిచి వాకిట్లో కూలబడ్డాను.

ఆయన ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నాళ్ళకో పట్టుకున్నాడు. ఆ నొప్పిలో కూడా నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏడ ముట్టుకున్నవ్?" అన్నాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"గా వైరు."

"వైరుల ఏడనో తెల్వాలె. నేను తంత, జర మల్లొక్కసారి ముట్టుకోరాదు?"

వీడి మొహం మండ! మనిషేనా అనుకున్నాను. కానీ అవ్వ కళ్ళలో మెదిలింది. పళ్ళు బిగబట్టుకుని, ఆయన తన్నుతుంటే వైరు వెంట వేలు జరుపుతూ పోయాను. ట్యాంకు కింద ఒరుసుకునే చోట మళ్ళీ కొట్టింది. అక్కడ వైరు పైతొడుగు పగిలింది. తడి తగిలితే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా అక్కడే పక్కకు జారిపోతున్నదట. పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి, దారం కట్టి, పైన మైనం పూశాడు. ఒక్క తన్నుకే అందుకుంది. అప్పుడు ఆయన మొహం చూడాలి! మా పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

ముసురులో ఎక్కడా ఆగకుండా తరిగొప్పుల చేరాం. అవ్వ కళ్ళు తెరిచే ఉంది. మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను.

"గింత వానల ఎట్లొచ్చిన్రు బిడ్డా?" అంది.

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. వైరు, ట్యూబు, మైనం అన్నీ చెప్పాడు. నా చేతి సంగతి మాత్రం చెప్పలేదు. అవ్వ మెల్లగా తల తిప్పి, తలుపులోంచి వాకిట్లో తడుస్తున్న ఫట్‌ఫటిని చూసింది. సత్తువ లేని చెయ్యి కాస్త పైకెత్తింది.

"నా బిడ్డను నాకు తెచ్చినవ్. సల్లగుండు తల్లీ" అంది, దానితో.

ఆ సాయంత్రమే అవ్వకు మాట పడిపోయింది. మళ్ళీ రాలేదు. నాకు దక్కాల్సిన ఆఖరి దీవెన కూడా అదే కొట్టేసింది.