మాల తీసిన రోజు

ఏటా కార్తీకంలో నేను అయ్యప్ప మాల వేసుకునేవాణ్ణి. శబరిమల నుంచి తిరిగివచ్చి, మాల తీయించుకోవడానికి గుడికి బయలుదేరే ప్రతిసారీ మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగేది.

“నాన్నా, ఇంకొన్ని దినాలు ఉంచుకోగూడదా?”

చిన్నపిల్లకు ఎంత భక్తి అని బంధువులు మురిసిపోయేవారు. అది భక్తి కాదని నాకూ నా భార్యకూ తెలుసు. నా మెడలో మాల ఉన్నంతకాలమే మా ఇంట్లో మందు వాసన ఉండేది కాదు.

కర్నూలులో నీటి నమూనాలు పరీక్షించడం నా ఉద్యోగం. ఎవరు ఏమి చెప్పినా రుజువు అడగడం ఆ పని నేర్పిన అలవాటు. తాగుడు విషయంలోనూ నా దగ్గర రుజువు ఉందనే నమ్మాను: ఏటా మండలం పాటు చుక్క ముట్టకుండా ఉండగలుగుతున్నాను కనుక నేను వ్యసనపరుణ్ణి కాను. కాలేయం దెబ్బతిన్నదని తేలిన రోజు డాక్టరుగారికి కూడా ఇదే వివరించాను. ఆయన వాదించలేదు. మందులు రాసి, కల్లూరులో ఒక చర్చి వెనకగదిలో ఆదివారం సాయంత్రాలు తాగుడు మానుకునేవాళ్ళు కలుస్తారని, వెళ్ళి చూడమని అన్నారు.

“అక్కడ మానుకుంటారనడానికి ఆధారం ఉందా?” అని అడిగాను.

“కొందరు మానుకున్నారు, కొందరు మానుకోలేదు. మీరు మాత్రం మందులు ఆపకండి. మళ్ళీ తాగితే మాత్రం నేను చేయగలిగేది పెద్దగా ఉండదు.”

ఆదివారం కల్లూరులో షేర్ ఆటో దిగాను. దారి అడగడానికి మొహం చెల్లక కొత్త ఇళ్ళ మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే, నన్ను దింపిన ఆటో డ్రైవరే బండి పక్కన పెట్టి నా వెనక వచ్చాడు.

“చర్చి కాడికేనా సార్? రాండి, నేనూ ఆడికే.”

ఆ గదిలో ఉన్నవి సండే స్కూలు పిల్లల పొట్టి బెంచీలు. మోకాళ్ళు ఎత్తిపెట్టుకుని కూర్చున్నాం. ఎవరూ పేరు అడగలేదు. ప్రార్థన జరిగినప్పుడు నేను కళ్ళు మూసుకోలేదు. దానికీ ఎవరూ ఏమీ అనలేదు. నా వంతు రాగానే మాల సంగతి చెప్పి, నా నిర్ధారణ కూడా వినిపించాను.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన పకపకా నవ్వాడు. చెనక్కాయ, అదే వేరుశనగ, పండించే రైతు, ఆ చర్చి మనిషే.

“ఏమప్పా, మాలేసుకుంటే మానుకోనోడు యాడుండాడు? ఈస్టరు ముందర నలభై దినాలు నేను గూడా ముట్టేవాణ్ణి కాదు. ఈస్టరు పొద్దున చర్చిలో పాటలు పాడితి. మధ్యాన్నానికి చేన్లో బోర్లా పడుంటి.”

“నాది రంజాన్ సార్,” ఆటో డ్రైవరు అందుకున్నాడు. “నెలంతా ఉపవాసం ఉంటి. పండగ పొద్దు అత్తరు పూసుకోని నమాజుకు పోతి. కండ్లు తెరిస్తే ఆటోలో పడుకోనుండా. ఆటో యాడుండాదో నాకే తెలీదు.”

గదంతా నవ్వింది. పెద్దాయన మళ్ళీ నా వైపు తిరిగాడు.

“మాల ఉన్నెప్పటి సంగతి మాకొద్దులే. తీసిన పొద్దు ఏం చేస్తివి? అది చెప్పు.”

ఏటా మాల తీసిన మధ్యాహ్నమే మిత్రులు మాంసం వండించి, సీసాలు తెచ్చి నా కోసం ఎదురుచూసేవారు. ఒకరికొకరు తెలియని ముగ్గురం, మూడు మతాల నియమాలతో ఒకే పరీక్ష చేసి ఒకే ఫలితం పొందాం. నేను ఇన్నేళ్ళూ కొలిచింది నా నిగ్రహాన్ని కాదు, గడువు ముగిసేదాకా ఎదురుచూడగల ఓపికను.

వెళ్ళేముందు, అక్కడికి వచ్చి నిలదొక్కుకున్నవాళ్ళు ఎంతమంది అని పెద్దాయనను అడిగాను.

“తెలీదప్పా. శానామంది వస్తారు, పోతారు. నేనైతే ఉండా.”

గొప్పలు చెప్పని ఆ ‘తెలీదు’ కోసమే మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఆ తర్వాత వెళుతూనే ఉన్నాను. కార్తీకం దగ్గరపడినప్పుడు మాల వేసుకోవాలా వద్దా అని పెద్దాయనను అడిగాను.

“ఏసుకో. నీ మొక్కు నీది. తీసే పొద్దు ఎప్పుడో మాత్రం మాకు చెప్పు.”

ఆ రోజు గుడిలో గురుస్వామి మాల తీశాక ఇంటికి వచ్చేసరికి, వాకిట్లో ఆటో ఆగి ఉంది. పెద్దాయన, డ్రైవరు మా ఇంట్లో కూర్చుని ఉన్నారు. మధ్యలో వేయించిన చెనక్కాయల సంచి. నా భార్య వాళ్ళకు మజ్జిగ ఇస్తోంది. అంతలో నా ఫోను మోగింది, మిత్రులు. తాగాలన్న కోరిక ఎక్కడికీ పోలేదని చెప్పడమే నిజాయితీ.

“ఎత్తప్పా,” అన్నాడు పెద్దాయన. “ఇంటికి చుట్టాలొచ్చినారని చెప్పు. అబద్ధం కాదు గదా.”

ఆలోచించి చూశాను. అబద్ధం కాదు. అదే చెప్పి ఫోను పెట్టేశాను.

ఒక్క మధ్యాహ్నం దేనికీ రుజువు కాదు. అయినా ఆ ఇద్దరికీ, ఆ పొట్టి బెంచీల మీద నా కోసం జరిగి చోటిచ్చిన వాళ్ళందరికీ నేను ఎంత రుణపడ్డానో కొలిచే సాధనం నా ప్రయోగశాలలో లేదు.

“ఎప్పుడు పోతారు?” మా అమ్మాయి భయంభయంగా అడిగింది.

“ఈ కాయలు అయిపోతానే పోతాం తల్లీ,” అన్నాడు పెద్దాయన.

కాసేపటికి చూస్తే, అది ఒలిచినట్టు నటిస్తూ, అవి అయిపోకుండా గుప్పెడు గుప్పెడు కాయలు గౌను జేబులో దాచుకుంటోంది. పెద్దాయన చూడనట్టు అటు తిరిగాడు. నేను నా ముందున్న కాయల్లో సగం మెల్లగా దాని వైపు జరిపాను.